బడిలో ఉన్న పిల్లాడికి డేకేర్ ఫీజు, ఎందుకని అడిగితే టికెట్ నంబరు

మేనేజ్‌మెంట్ వారికి,

(మీ యాప్‌లో 'గ్రీవెన్స్ ఆఫీసర్' అని ఒక గడి ఉంది, పక్కన పేరు మాత్రం లేదు. అందుకే ఎవరికి రాస్తున్నానో నాకే తెలియకుండా రాస్తున్నా.)

విషయం: కొండాపూర్ సెంటర్ ఫీజు. అసలు విషయం, ఆ ఫీజు గురించి అడిగితే మీలో ఒక్కరూ పలకకపోవడం.

మావాడు జూన్‌లో నర్సరీలో చేరాడు. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా బడి, తర్వాత మీ వ్యాన్ ఎక్కి మీ దగ్గరికి వస్తాడు. అంతకుముందు రోజంతా మీ దగ్గరే ఉండేవాడు కాబట్టి నెలకు 14,500 కట్టాం, ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు సగం రోజు బడిలో ఉంటున్నా అదే 14,500. సీటు అట్టిపెట్టాలి, ఆయమ్మల జీతాలు ఆగవు అంటారా, అది అర్థం చేసుకోలేనిదాన్ని కాదు. కానీ ఆ మాటైనా మీరు చెప్పారా? లేదు, మీ తరఫున నేనే ఊహించుకుంటున్నా. పైగా దసరా సెలవుల్లో బడి లేక మావాడు తొమ్మిదింటికే మీ సెంటర్‌కి వస్తే, 'హాలిడే కేర్' అని రోజుకు 450 అదనంగా వేశారు. అంటే పొద్దున రాకపోయినా డబ్బులే, వచ్చినా డబ్బులే. ఈ లెక్క ఎవరు వేశారో ఒకసారి చూడాలని ఉంది.

సెంటర్ మేడం గారిని అడిగితే "బిల్లింగ్ అంతా హెడ్డాఫీసేనండీ, మా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు. హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, తర్వాత పాట. పాట అయ్యాక ఒకమ్మాయి వచ్చి "మీ పాప పేరు చెప్పండి మేడం" అంది. బాబు అమ్మా అన్నాను. మొత్తం విని, మళ్ళీ "పాప ఏ సెంటర్ మేడం?" అంది. ఇంకోసారి ఒకాయన చాలా మర్యాదగా "మీ బాధ నాకు అర్థమైంది మేడం" అని, ఆ అర్థమైన బాధని తీసుకెళ్ళి సెంటర్‌లోనే చెప్పుకోమన్నాడు. సెంటర్ వాళ్ళే మీ దగ్గరికి పంపారండీ అంటే లైన్ కట్. మా ఆఫీసు హెచ్‌ఆర్‌నీ అడిగా. 2017లో చట్టం మార్చి 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలన్నారు కదా, అందుకని మా కంపెనీ మీతో టై-అప్ పెట్టుకుంది, నేను మీ దగ్గరికి వచ్చిందీ అలాగే. వాళ్ళేమో "ఫీజు మీకూ డేకేర్‌కీ మధ్య విషయం" అని చేతులు దులుపుకున్నారు.

యాప్‌లో టికెట్ పెట్టా. సాయంత్రానికి 'పరిష్కరించబడింది' అని ఆకుపచ్చ టిక్కు, కింద "మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని. ఒక్కటి ఇచ్చా. పావుగంటలో ఫోన్! మీ కంపెనీ నుంచి నాకు తనంతట తానుగా వచ్చిన ఫోన్ అదొక్కటే. "ఒక్క స్టారే ఇచ్చారు, కొంచెం పెంచగలరా మేడం?" అని. ఫీజు సంగతి ఎత్తితే "అది మా డిపార్ట్‌మెంట్ కాదు మేడం, మేం రేటింగ్స్ వరకే." భలే డిపార్ట్‌మెంట్ పెట్టారండీ, ఆ అమ్మాయికి జీతం పెంచండి, పనిచేసేది తనొక్కతే.

సీటు అట్టిపెట్టడం గురించి ఇంకో మాట. మొన్న ఆఫీసుకి సెలవు పెట్టి పొద్దున్నే మీ సెంటర్‌కి వచ్చా. మావాడి బ్యాగు పెట్టే అరలో, వాడి పేరున్న స్టిక్కర్ మీదే ఇంకో పిల్ల పేరు అంటించి ఉంది, అంచున మావాడి పేరులో చివరి అక్షరం కనిపిస్తోంది. అడిగితే ఆయమ్మ పాపం దాచలేక "పొద్దున బ్యాచ్ పిల్లది మేడం, పన్నెండింటికి పోతది" అంది. (ఆమెని ఏమైనా అన్నారో, ఊరుకోను.) మరి ఆ మూడున్నర గంటల చోటుకి ఇద్దరి దగ్గర వసూలు చేస్తున్నారన్నమాట.

ఇంగ్లాండ్‌లో మా ఆడపడుచు తన పాపని ఒక చైల్డ్‌మైండర్ (తన ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే ఆవిడ) ఇంట్లో దింపుతుంది. అక్కడ ఒక్కరే చూసుకునేటప్పుడు ఐదేళ్ళలోపు పిల్లలు మామూలుగా ముగ్గురికి మించకూడదు, అందుకని ఆ చోటు పాపకే అట్టిపెట్టి, పాప నర్సరీకి వెళ్ళిన గంటలకి కూడా ఆవిడ సగం ఫీజు తీసుకుంటుంది. అది చేర్చుకున్న రోజే కాగితం మీద రాసి చూపించి సంతకం పెట్టించుకుంది. నర్సరీలో పాపకి జ్వరం వస్తే ఆ గంటల్లో వెళ్ళి తెచ్చుకునేదీ ఆవిడే. మావాడికి బడిలో వాంతులైన రోజు, "వ్యాన్ పన్నెండున్నరకే మేడం" అన్నారు మీవాళ్ళు. అదే గంటలకి ఫీజు తీసుకుంటూ!

ఎనిమిది నెలల పిల్లాడప్పటి నుంచి మీ దగ్గరే ఉన్నాడు. మా అపార్ట్‌మెంట్ నుంచి ఇంకో రెండు కుటుంబాలు నా మాట మీదే చేరాయి. పక్క వీధిలో ఇంకో డేకేర్ తెరిచి మూడు వేలు తక్కువన్నా కదల్లేదు. దానికి మీరిచ్చిన మర్యాద ఆ స్టార్ల ఫోనా?

నాకు కావలసింది బడి గంటలకు ఫీజు ఏ లెక్కన వేస్తున్నారో రాతపూర్వకంగా ఇవ్వడం, ఆ దసరా డబ్బు వెనక్కి వేయడం, జూన్ నుంచి ఎక్కువ తీసుకున్నదాని సంగతి కూడా తేల్చడం, అన్నిటికంటే ముందు మనిషన్నవాడు ఒకడు ఫోన్ చేసి మాట్లాడటం. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తా, అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకైతే అదీ అక్కర్లేదు, ఆ స్టిక్కర్ ఫోటో నా ఫోన్‌లోనే ఉంది.

ఈ ఉత్తరం ప్రింటు తీసి సెంటర్‌లో ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకుంటున్నా. జవాబుగా మళ్ళీ టికెట్ నంబరు పంపకండి.

ఇట్లు,
మీ రికార్డుల్లో "పాప వాళ్ళమ్మ"
(బాబు)