మినహాయింపుల పేజీ చదివాకే విమానం ఎక్కండి

సంపాదకులకు,

దాళ్వా కోతలై పిల్లలకు సెలవులిచ్చాక కోనసీమ నుంచీ, భీమవరం వైపు నుంచీ బ్యాంకాక్, బాలి, దుబాయ్ టూర్లకు బయల్దేరే కుటుంబాలు ఇప్పుడు ఎన్నో. టికెట్టుతో పాటే ఏజెంటు ఒక ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ ఇస్తాడు. దాని మీద 50,000 డాలర్లనో లక్ష అనో పెద్దక్షరాల్లో ఉంటుంది. సరదా ఆటల్లో దెబ్బ తగిలితే ఆ డబ్బు వస్తుందో రాదో తేల్చేది మాత్రం లోపలుండే మినహాయింపుల పేజీ, అంటే వేటికి డబ్బు ఇవ్వరో రాసిన పేజీ.

పారాసైలింగ్, స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి లోపలికి దిగడం), బంగీ జంప్ లాంటివి చాలా పాలసీల్లో సాహస క్రీడల కింద లెక్క. అదనపు ప్రీమియం కట్టి చేర్చుకుంటే తప్ప కవర్ ఉండదు. చేర్చుకున్నా శిక్షకుడు పక్కనుండాలనీ, ఇంత లోతు దాటకూడదనీ షరతులుంటాయి. గోదారి ఈదినవాళ్లకైనా స్కూబా వేరే విద్య. సర్టిఫికెట్ లేనివాళ్లకు 12 మీటర్లు, మొదటి సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు 18 మీటర్లు హద్దు. ఒక్కసారి దిగితే 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు గడిచే దాకా విమానం ఎక్కకూడదు. పైకెళ్లి ఒత్తిడి తగ్గితే ఒంట్లో కరిగిన నైట్రోజన్, గోళీసోడా కొట్టినప్పటిలా బుడగలు కడుతుంది. పొద్దున డైవింగ్, సాయంత్రం ఫ్లైట్ అని ప్లాను వేసే ఏజెంటును అక్కడే ఆపండి.

అసలు చిక్కు అద్దె స్కూటర్‌తో. కాలువగట్ల మీద నడిపిన చెయ్యే కదా అనుకుంటాం. థాయ్‌లాండ్‌లో మన లైసెన్సు ఒక్కటే చాలదు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. సరైన లైసెన్సు లేకుండా నడిపి పడితే క్లెయిమ్ తిరస్కరిస్తారు. రవాణా శాఖ 1000 రూపాయల ఫీజుతో ఏడాదికి ఈ పర్మిట్ ఇస్తుంది. చేతికొచ్చాక తెరిచి చూడండి: అందులో మోటార్‌సైకిల్‌కు 'ఎ', కారుకు 'బి' గడులుంటాయి. మీ లైసెన్సు కారుకే అయితే 'ఎ' గడిలో ముద్ర పడదు, స్కూటర్‌కు ఆ పర్మిట్ పనికిరాదు. మందు తాగి నడిపితే ఏ కాగితమూ కాపాడదు. అద్దె కొట్టువాడికి పాస్‌పోర్టు తాకట్టు పెట్టొద్దు. ఆసుపత్రిలో చేరేటప్పుడు అడిగేది అదే.

యూరప్ వెళ్లేవాళ్లకో మాట. షెంజెన్ వీసాకు (చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే ఒకే వీసా) 30,000 యూరోల వైద్య కవర్ చూపిస్తే చాలు. స్కీయింగ్‌కు కవర్ ఉందో లేదో వీసా ఇచ్చేవాళ్లు చూడరు.

ఏజెంటు నోటిమాట క్లెయిమ్ దగ్గర నిలవదు. ఏ ఆట, ఏ దేశం, ఏ తేదీలు అన్నది రాసి, కవర్ ఉందా అని కంపెనీకే ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. దెబ్బ తగిలితే వీలైనంత త్వరగా, ఆసుపత్రిలో డబ్బు కట్టకముందే, పాలసీ మీదున్న సహాయ నంబరుకు ఫోన్ చేయండి. క్యాష్‌లెస్ అనుమతి, అంటే ఆసుపత్రి బిల్లు కంపెనీయే నేరుగా కట్టడానికి ఒప్పుకోలు, అక్కడి నుంచే రావాలి. దెబ్బ ఎలా తగిలిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. డిశ్చార్జ్ సమ్మరీలో ఒకటి, క్లెయిమ్ ఫారంలో ఇంకొకటి ఉంటే న్యాయమైన క్లెయిమ్ కూడా పోతుంది. అసలు బిల్లులు, రసీదులు, పోలీసు రిపోర్టు, బోర్డింగ్ పాస్ పారేయకండి.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఉచితంగా రాసుకోవచ్చు. యానాం వాళ్లకూ అదే కార్యాలయం.

— క్లెయిమ్ కాగితాల పని తెలిసిన పాఠకులు, అమలాపురం