మళ్ళీ చదువుతున్నావని విన్నాక

అమ్మలూ,

ప్రభువు పేరట నీకు శుభాలు. నైట్ డ్యూటీ అయ్యాక అప్పుడప్పుడు బైబిలు తీస్తున్నానని నువ్వే అన్నావు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. మీ అమ్మ అయితే ఆ మాట వినగానే శుక్రవారం కూటంలో సాక్ష్యం చెప్పేస్తానని బయల్దేరింది. ఇంకా నీకే తేలని సంగతి మైకులో చెప్పడం ఏమిటని ఆపాను.

"మళ్ళీ నమ్మాలంటే పాతవన్నీ ఒప్పుకోవాలా నాన్నా?" అని అడిగావు. అక్కర్లేదమ్మా. కొన్ని పోవాల్సినవే పోయాయి.

పిన్ని సంగతే చూడు. డయాలసిస్‌కి తిప్పాం, ఉపవాస ప్రార్థనలు చేశాం, నూనె రాయించాం. భూస్థాపన రోజు బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడొకాయన "ఈ కుటుంబంలో విశ్వాసం కొరవడింది" అన్నాడు. నువ్వు అక్కడే లేచి వెళ్ళిపోయావు. ఆయన చెప్పిన దేవుణ్ణి నువ్వు నమ్మకపోతే నాకేం బాధ లేదు. బైబిల్లో కష్టాలు పడ్డ యోబుని, నీ తప్పువల్లే ఇదంతా అన్న స్నేహితులదీ అదే వరస. యోబు గ్రంథం చివరి అధ్యాయంలో దేవుడు కోప్పడింది వాళ్ళ మీద. అన్ని ప్రశ్నలు వేసిన యోబే సరిగ్గా మాట్లాడాడన్నాడు.

ఆ ఏడాది కొత్త సంవత్సరం రాత్రి వాచ్‌నైట్ సర్వీసులో పిన్నికి వచ్చిన వాగ్దానం కార్డు, అదే ఏడాదికని ఒక్కొక్కరికి ఒక వచనం రాసి ఇచ్చేది, గుర్తుందా? యిర్మీయా 29:11. దేవుడు తలపెట్టినవి మన మేలుకేగాని హానికి కాదన్న మాట. బీరువా తలుపుకి, మందుల చీటీ పక్కనే అంటించుకుంది. ఆ మాట అబద్ధమైందని నీ కోపం. ఒక్క వచనం కాకుండా ఆ అధ్యాయమంతా చదువు. బబులోనుకి చెరపట్టుకుపోయినవాళ్ళకి యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి పంపిన ఉత్తరం అది. 10వ వచనంలోనే డెబ్బై ఏళ్ళు పడుతుందని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది సొంతూరు చూడకుండానే పోతారు. ఈలోగా ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెళ్ళిళ్ళు చెయ్యండి, మిమ్మల్ని పట్టుకెళ్ళిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థించండి అంటాడు. రెండేళ్ళలో అంతా సర్దుకుంటుందని ముందు అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త చెప్పాడు. జనానికి నచ్చే మాట అదే, కానీ అబద్ధం. ఇప్పుడు టీవీ పెడితే నాకు ఎక్కువగా వినబడేది హనన్యానే. కార్డుల మీద 10వ వచనం ఎవరూ అచ్చు వేయరు.

నీ రూమ్‌మేట్ "మీ తాతలు బియ్యానికి మతం మారారు" అన్నదని చెప్పావు. ఒంగోలు సంగతి తెలుసుకో. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. ఆ సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు తమను లెక్కలోకి తీసుకున్న దేవుడి దగ్గరికి వెళ్ళారు. కొందరు ఆకలితోనే వచ్చారనుకో, సిగ్గెందుకు? ఐదువేల మందికి రొట్టెలు పెట్టేటప్పుడు యేసు ఎవరి ఉద్దేశమూ అడగలేదు. (మర్నాడు గట్టిగానే అడిగాడు, అది వేరే సంగతి.) అలాంటి సంఘాల్లోనే ఇవాళ పెళ్ళి మాటలొస్తే కులం చూస్తున్నారన్న నీ కోపం మాత్రం న్యాయమే. దాన్ని వదులుకోకు.

మరి దేని మీద నిలబడాలంటావా? నేను నిలబడింది 1 కొరింథీయులు 15 మీద. సిలువ జరిగిన పాతికేళ్ళకి, క్రీ.శ. 55 ప్రాంతంలో పౌలు రాసిన ఉత్తరం. లేచిన క్రీస్తుని ఐదువందల మందికి పైగా చూశారని, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని రాశాడు. కావాలంటే వెళ్ళి అడగండి అన్నట్టే కదా. క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థమని కూడా తనే అన్నాడు. ఎక్కడ కొడితే ఇదంతా కూలిపోతుందో దాచకుండా చెప్పిన మనిషి మాట మీద నాకు గురి. పిన్ని కిడ్నీలు బాగుపడతాయని ఆ అధ్యాయంలో లేదు. పిన్నిని మళ్ళీ చూస్తానని మాత్రం అది చదివే అనుకుంటున్నాను.

చర్చికి రమ్మని తొందరపెట్టను. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు ఎవరైనా "కనబడట్లేదేంటమ్మా" అంటే డ్యూటీలని చెప్పు, అబద్ధమేం కాదుగా. ఈలోపు 88వ కీర్తన చదువు. మిగతా మొరల్లాగా అది చివర్లో స్తుతిలోకి తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్నీ తీసెయ్యకుండా కీర్తనల్లోనే ఉంచారు.

నైట్ లేని రోజు చూసుకుని ఫోన్ చెయ్యి, యిర్మీయా 28, 29 కలిపి చదువుదాం. పదింటి తర్వాతైతే నాకు తీరికే.

నాన్న