36 ఇంటి డీవీడీల మార్పిడిలో లోపాలు: పని మళ్ళీ చేసివ్వాలని ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఇంట్లో రికార్డు చేసిన డీవీడీలను వీడియో ఫైళ్ళుగా మార్చడంలో జరిగిన తప్పులు, వాటిని సరిదిద్దవలసిందిగా విన్నపం.

ఆర్యా,

మేము ఇంట్లో రికార్డు చేసుకున్న 36 డీవీడీలను మీ సంస్థకు ఇచ్చాం. అందులో కొన్న సినిమా డిస్కు ఒక్కటీ లేదు, కాపీ రక్షణ ఉన్నదీ లేదు. ఆర్డర్ ఫారంలో "ఒరిజినల్ క్వాలిటీ తగ్గకుండా, డిస్కుకో ఎంపీ4" అని మీవాళ్ళే రాశారు. మాకు తిరిగి వచ్చినవి 27 డిస్కులకు 51 ఫైళ్ళు. మిగతా 9 డిస్కుల మీద "ఖాళీ" అని రాసిన చీటీ ఉంది.

ఫైళ్ళలో బొమ్మ, ధ్వని బాగా లేవని ఫోన్ చేసి అడిగితే "పాత డిస్కులు కదండీ, అంతకన్నా రాదు" అన్నారు. అవే డిస్కులను వీఎల్‌సీ ప్లేయర్‌లో డీఇంటర్లేస్ (రెండు సగాలుగా రాసిన ఫ్రేములను పూర్తి ఫ్రేములుగా మార్చే పద్ధతి) ఆన్ చేసి చూస్తే బొమ్మ నిలకడగా ఉంది, మాట పెదవులతో కలుస్తోంది. కాబట్టి చెడింది మార్పిడిలోనే. ఎక్కడ చెడిందో, ఎందుకు చెడిందో కింద రాస్తున్నాం. దయచేసి ఈ లేఖను కౌంటర్ దగ్గరే ఆపేయకుండా ఆ పని చేసిన టెక్నీషియన్ చేతికి ఇవ్వండి.

ముందు బొమ్మ సంగతి. డిస్కులోని ఫైలును మీడియాఇన్ఫో అనే, వీడియో ఫైలు వివరాలు చూపే ప్రోగ్రామ్‌లో తెరిస్తే 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్లేస్డ్, ఎంపెగ్-2, సగటున 5 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అని చూపిస్తుంది. మీరిచ్చిన ఎంపీ4ను తెరిస్తే 1920×1080, సెకనుకు 30 ఫ్రేములు, ప్రోగ్రెసివ్ (సగాలు కాని పూర్తి ఫ్రేములు), 2 ఎంబీపీఎస్ అని ఉంది. వీటిలో ఏ ఒక్కటీ మేము అడిగింది కాదు. 720×576 అంటే 4,14,720 పిక్సెళ్ళు, 1920×1080 అంటే 20,73,600. సరిగ్గా 5 రెట్లు. డిస్కులో లేని వివరం పెద్ద ఫ్రేములోకి ఎక్కడి నుంచీ రాదు. ఎంపీ4లోని హెచ్.264 కుదింపు పద్ధతి డిస్కులోని ఎంపెగ్-2 కన్నా పొదుపైనదే, నిజమే. అసలు సైజులోనే ఉంచి ఉంటే 2 ఎంబీపీఎస్‌తో ఏదో ఒక మాదిరి బొమ్మ వచ్చేది. చాలీచాలని ఆ దుప్పటిని ఐదుగురి మీదకు లాగారు. జుట్టు, గడ్డి, చీర అంచు నేత అన్నీ అలికినట్టు అయిపోయాయి.

ఆకారం కూడా పోయింది. డీవీడీలో పిక్సెళ్ళు చదరంగా ఉండవు. 720×576ను 4:3గా చూపాలో 16:9గా చూపాలో డిస్కులోని ఒక గుర్తు చెబుతుంది. మా డిస్కులన్నీ 4:3. మీరు వాటిని తీసుకెళ్ళి 16:9 ఫ్రేము నిండా సాగదీశారు. అంటే వెడల్పు మూడో వంతు పెరిగింది. 4వ డిస్కులో గోడ గడియారం పడుకున్న గుడ్డులా కనిపిస్తోంది. మనుషుల ముఖాలు ఎలా ఉన్నాయో వేరే చెప్పాలా?

అన్నిటికన్నా బాధించేది ఇంటర్లేస్ తప్పు, ఎందుకంటే ఇది ఇక దిద్దుకోలేనిది. ఈ డిస్కుల్లో ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు, అంటే రెండు సగం బొమ్మలు, ఉంటాయి. బొమ్మలోని అడ్డ గీతల్లో బేసి గీతలది ఒక క్షణం, సరి గీతలది సెకనులో 50వ వంతు తర్వాతి క్షణం. ముందు డీఇంటర్లేస్ చేసి, ఆ తర్వాతే సైజు మార్చాలి. మీ దగ్గర అసలు డీఇంటర్లేస్ చేయకుండా సైజు పెంచారు. 7వ డిస్కు ఫైలులో 12వ నిమిషం దగ్గర ఆపి చూడండి. ఊయల ఊగుతున్న పాప చెయ్యి అంచున దువ్వెన పళ్ళలా గీతలుంటాయి. మామూలుగా ఆ పళ్ళు ఒక్కో గీత మందమే ఉంటాయి, ఏ డీఇంటర్లేస్ ఫిల్టరైనా వాటిని విడదీస్తుంది. 576 గీతలను 1080కి సాగదీయడంతో పక్క గీతలు ఒకదానిలో ఒకటి కలిసి, ఆ పళ్ళు మసక పట్టీలైపోయాయి. ఏ గీత ఏ ఫీల్డుదో ఇప్పుడు ఏ ఫిల్టరూ చెప్పలేదు. ఆ పాప చెయ్యి మళ్ళీ కుదురుగా కనిపించాలంటే డిస్కు దగ్గరికే వెళ్ళాలి.

25 ఫ్రేములను 30 చేయడం వల్ల సెకనుకు 5 ఫ్రేములు రెండేసిసార్లు పడ్డాయి. కెమెరా పక్కకు తిరిగిన ప్రతిచోటా బొమ్మ సెకనుకు ఐదుసార్లు తడబడుతోంది. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు, 30 అనే సెట్టింగ్ ముట్టుకోకుండా ఉంటే సరిపోయేది.

ఇక ధ్వని. డీవీడీలో వీడియో, ధ్వని ఉండే వీఓబీ ఫైలు ఒక్కొక్కటి 1 జీబీ దాటకూడదు. అందుకని పొడవైన రికార్డింగును సైజును బట్టి ముక్కలు చేసి రాస్తారు. 5 ఎంబీపీఎస్ దగ్గర ఒక్కో ముక్క 28 నిమిషాలకు కాస్త ఎక్కువ వస్తుంది. అవి విడి వీడియోలు కావు. మీవాళ్ళు కొన్ని డిస్కుల్లో ఒక్కో ముక్కనూ విడిగా మార్చేశారు. 27 డిస్కులకు 51 ఫైళ్ళు అలా వచ్చినవే, ప్రతి చీలిక దగ్గరా మాట మధ్యలో తెగిపోతోంది. ఇంకొన్నిటిలో వీఓబీలను కలిపారు గానీ, ఐఎఫ్ఓ ఫైలును పక్కన పెట్టి కలిపారు. రికార్డరును ఆపి మళ్ళీ మొదలుపెట్టిన చోట్ల టైమ్‌స్టాంపులు (వీడియోలో వేసిన సమయం గుర్తులు) తిరిగి మొదటికి రావచ్చు. ఎక్కడ ఏ భాగం అతుక్కుంటుందో ఐఎఫ్ఓలోనే రాసి ఉంటుంది. అది చదవకపోతే 11వ డిస్కుకు జరిగినట్టే జరుగుతుంది. మొదటి 9 నిమిషాలు ధ్వని సరిగ్గా ఉంది, ఆ తర్వాత అర సెకను వెనకపడింది, మరో ఆపుడు దాటాక ఒక సెకను దాకా వెనకపడింది. ఇలా మెట్లుమెట్లుగా జరిగితే అతుకుల తప్పే. నెమ్మదిగా జారుతూ పోయి ఉంటే వేరే కారణం వెతకాలి.

"ఖాళీ" అన్న 9 డిస్కుల్లో 6 డీవీడీ-ఆర్‌డబ్ల్యూలు. వాటిని రికార్డరు వీఆర్ (వీడియో రికార్డింగ్) పద్ధతిలో రాసింది. ఆ పద్ధతిలో మామూలు డీవీడీల్లో ఉండే వీడియో_టీఎస్ ఫోల్డర్ ఉండదు, డీవీడీ_ఆర్‌టీఏవీ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో వీఆర్_మూవీ.వీఆర్ఓ అనే ఒకే పెద్ద ఫైలులో రికార్డింగులన్నీ వరుసగా ఉంటాయి. డీవీడీ నుంచి వీడియో తీసే మేక్ఎంకేవీ ప్రోగ్రామ్‌కు అది కనబడకపోవడం వింత కాదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మార్పిడి ప్రోగ్రామ్ మాత్రం దాన్ని మామూలు ఎంపెగ్ ప్రోగ్రామ్ స్ట్రీమ్‌గా చదువుతుంది. మిగతా 3 డీవీడీ-ఆర్‌లు ఫైనలైజ్ చేయనివి, అంటే రాయడం పూర్తయ్యాక రికార్డరులో ముగింపు వేయనివి. కంప్యూటర్ డ్రైవ్‌కు అవి ఖాళీగా కనిపిస్తాయి, నిజంగా ఖాళీ కావు. కింది వైపు వెలుతురులో వంచి చూస్తే రాసిన భాగం, రాయని భాగం మధ్య రంగు తేడా వలయంగా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ చీటీ అంటించే ముందు ఒక్కసారి వంచి చూస్తే తెలిసేది. వాటిని రాసిన రికార్డరు కావాలంటే పంపిస్తాం, దానిలో పెట్టి ఫైనలైజ్ చేయడమే సురక్షితమైన దారి. ఒక్క మనవి: కంప్యూటర్ "ఫార్మాట్ చేయమంటారా" అని అడిగితే ఆ 9 డిస్కుల్లో దేనికీ ఎవరూ సరే అనకూడదు.

23వ డిస్కు ఫైలు 52 నిమిషాలకే ఆగిపోయింది. డిస్కులో ఉన్నది 94 నిమిషాలు. గీత పడిన చోట మామూలు కాపీ ఆగిపోతే, అక్కడికి వచ్చినదాన్నే పూర్తి ఫైలుగా ఇచ్చేశారు. చెడిందని ఒక్క మాటైనా చెప్పలేదు. సగం ఫైలు ఇవ్వడం కన్నా ఆ సంగతి చెప్పకపోవడమే పెద్ద తప్పు. నిండా రాసిన 4.7 జీబీ డిస్కులో 2,048 బైట్ల సెక్టార్లు దాదాపు 23 లక్షలుంటాయి. వాటిలో ఓ 400 పోయినా 5 ఎంబీపీఎస్ వీడియోలో పోయేది సెకనున్నర లోపే. ఇంకో అర సెకను పాటు బొమ్మ గడులుగడులుగా విరిగి, తర్వాతి పూర్తి ఫ్రేము దగ్గర కోలుకుంటుంది. దానికోసం 42 నిమిషాలు వదిలేశారు. ఇలాంటి డిస్కుకు డీడీరెస్క్యూ (చెడిన డిస్కుల నుంచి డేటా రాబట్టే ప్రోగ్రామ్) వాడాలి. బ్లాక్ సైజు 2,048 పెట్టి, మొదటి విడతలో చెడిన చోట్లు దాటుకుంటూ పోవాలి, రెండో విడతలో మిగిలినవాటికి మూడుసార్లు ప్రయత్నించాలి. అప్పటికీ రాకపోతే డిస్కును వేరే కంపెనీ డ్రైవ్‌లోకి మార్చి అదే మ్యాప్ ఫైలుతో (ఏ సెక్టార్లు వచ్చాయో, ఏవి రాలేదో ఆ ప్రోగ్రామ్ రాసుకునే ఫైలు) కొనసాగించాలి. ఒక డ్రైవ్ చదవలేని సెక్టారును మరొకటి చదవడం తరచూ జరిగేదే. దానికి ముందు మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే సన్న గీత ట్రాక్ పొడవునా సాగుతుంది, లోప సవరణ దాన్ని తట్టుకోలేదు.

డిస్కుల మీద మీరు అంటించిన బార్‌కోడ్ స్టిక్కర్ల గురించి కూడా చెప్పాలి. ఒక పక్కన బరువు పడి డిస్కు వేగంగా తిరిగేటప్పుడు వణుకుతోంది. మేము వాటిని పీకలేదు, మీరూ పీకకండి. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించినది, బలంగా లాగితే ఆ అతుకే ఊడవచ్చు. స్టిక్కరుతోనే, 4ఎక్స్ వేగంలో ఇమేజ్ (డిస్కు మొత్తానికి ఉన్నదున్నట్టు నకలు) తీయండి. ఇకపై నంబరు కవరు మీద రాస్తే చాలు.

మెనూలు పోయాయని మేము ఫిర్యాదు చేయడం లేదు. ఎంపీ4లో అవి ఉండవని తెలుసు.

మాకు కావలసింది ఇది. ప్రతి డిస్కుకూ ముందుగా ఐఎస్ఓ ఇమేజ్, దానికి ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (నకలు మారలేదని సరిచూసుకునే సంఖ్య) ఇవ్వాలి. మామూలు డిస్కులకు ఆ ఇమేజ్ నుంచి మేక్ఎంకేవీతో, రీఎన్‌కోడ్ (మళ్ళీ కుదించడం) లేకుండా, టైటిల్‌కో ఎంకేవీ ఫైలు తీయాలి. నాణ్యత తగ్గకుండా అని మీరు రాసిన మాటకు ఇదొక్కటే సరిపోతుంది, పైగా మీరు చేసినదానికన్నా ఇది తక్కువ పని. ఫోన్లలో, టీవీల్లో చూడ్డానికి ఎంపీ4ను హ్యాండ్‌బ్రేక్ అనే మార్పిడి ప్రోగ్రామ్‌లో హెచ్.264, ఆర్‌ఎఫ్ (నాణ్యత సెట్టింగ్) 18తో తీయండి. బీడబ్ల్యూడిఫ్ ఫిల్టరుతో ఫీల్డుకో ఫ్రేము చొప్పున డీఇంటర్లేస్ చేసి సెకనుకు 50 ఫ్రేములు, సైజు 768×576 ఉంచండి. ఫీల్డు క్రమం డిస్కు డిస్కుకూ చూసుకోవాలి. డీవీ కెమెరా నుంచి వచ్చిన రికార్డింగుల్లో కింది ఫీల్డు ముందుంటుంది, తిరగేస్తే కదలిక ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. ఏసీ-3 (కుదించిన) ధ్వని ఉంటే ఉన్నదున్నట్టు ఉంచండి. పీసీఎం (కుదించనిది) ఉంటే ఎంపీ4లో మాత్రం ఏఏసీ 192 కేబీపీఎస్‌గా మార్చండి. ప్రతి డిస్కుకూ ఒక వరుసలో నంబరు, అసలు నిడివి, వచ్చిన నిడివి, చదవలేని సెక్టార్ల సంఖ్య రాసిన పట్టిక జతచేయండి.

500 జీబీ డ్రైవ్ మేమే పంపుతాం. దాన్ని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లోనే ఉంచండి. ఫ్యాట్32కి మారిస్తే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, మళ్ళీ ముక్కలు చేయవలసి వస్తుంది.

ముందు 7, 11, 23 నంబర్ల డిస్కులు, వీఆర్ డిస్కుల్లో ఏదైనా ఒకటి చేసి పంపండి. అవి చూసి మేము సరేనన్నాకే మిగతావి మొదలుపెట్టండి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో ఆ నాలుగూ రాకపోతే, కట్టిన మొత్తం తిరిగి ఇచ్చి, మీ దగ్గర ఉంచుకున్న కాపీలన్నీ చెరిపివేశామని రాతపూర్వకంగా తెలియజేయండి. డిస్కులు 36 మా దగ్గరే ఉన్నాయి. మీ సమాధానం వచ్చాకే పంపుతాం.

ఇట్లు,
మీ వినియోగదారులు

జతపరచినవి: ఆర్డర్ ఫారం నకలు, 7వ డిస్కు ఫ్రేము చిత్రాలు రెండు (డిస్కు నుంచి ఒకటి, మీ ఫైలు నుంచి ఒకటి), 51 ఫైళ్ళ మీడియాఇన్ఫో వివరాలు.