పీహెచ్ కాగితం ఒక్కటే చాలదు

సంపాదకుడు గారికి,

ఎండలు ముదిరేసరికి బళ్ళలోనూ ఆరోగ్య శిబిరాల్లోనూ ఒక ప్రదర్శన మామూలైపోయింది. బల్ల మీద వరసగా గ్లాసులు, ఒక్కోదాంట్లో ఒక పీహెచ్ కాగితం ముక్క. పీహెచ్ అంటే ఆమ్లత్వం ఎంత ఘాటుగా ఉందో చెప్పే అంకె, కాగితం రంగు దాన్ని చూపిస్తుంది. కోలాలో ముంచింది ఎర్రబడగానే 'చూశారా, యాసిడ్' అంటారు. పిల్లలు ఆ ఎరుపు గుర్తుపెట్టుకుని ఇంటికి వెళ్తారు. ఆ కాగితం అబద్ధం చెప్పదు, కానీ చెప్పాల్సింది సగమే చెబుతుంది.

కోలా పీహెచ్ సుమారు 2.5. అరచెక్క నిమ్మకాయ పిండిన గ్లాసు నీళ్ళది కూడా 3 లోపే ఉంటుంది. కమలారసం 3.5కు కాస్త అటూ ఇటూ, మజ్జిగ 4.5 దగ్గర, కొబ్బరినీళ్ళు 5 పైన, పాలు 6.6. ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు. అంటే మజ్జిగకూ కోలాకూ తేడా వంద రెట్లు. నాలుక దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే కోలాలో 100 మి.లీ.కి పది గ్రాముల పైచిలుకు చక్కెర పులుపును కప్పేస్తుంది.

ఇక మిగతా సగం. పానీయంలో మొత్తం ఆమ్లం ఎంతుందో పీహెచ్ చెప్పదు. అది తెలియాలంటే ఆమ్లాన్ని విరిచేసే క్షారం పోసి చూడాలి, ఎంత ఎక్కువ క్షారం పడితే అంత ఎక్కువ ఆమ్లం ఉన్నట్టు. ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ఉండే సరంజామా చాలు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కలిపి బ్యూరెట్‌లో (కొలత గీతలు, కింద కుళాయి ఉండే గాజు గొట్టం) నింపండి. పానీయం 10 మి.లీ. తీసుకుని, రంగు పలచబడేలా 50 మి.లీ. నీళ్ళు కలిపి, క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాల్ఫ్తలీన్ మూడు చుక్కలు వేయండి. క్షారం చుక్క పడ్డచోట గులాబీ రంగు మెరిసి, కుదిపితే మాయమవుతుంది. ఆ లేత గులాబీ అర నిమిషం నిలిచిందంటే అక్కడ ఆపాలి. క్షారం కంట్లో పడితే ప్రమాదం, బ్యూరెట్ నింపే పని ఉపాధ్యాయులదే.

ఎక్కువమంది తప్పేది గ్యాస్ దగ్గర. సీసా మూత తీసిన కోలాను అలాగే కొలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ కూడా క్షారాన్ని తినేసి, లెక్క అనేక రెట్లు పెరిగిపోతుంది. ముందు పొంగేదాకా వేడిచేసి, బుడగలు ఆగాక చల్లార్చి, ఆవిరైపోయినంత నీరు మళ్ళీ కలిపి కొలవాలి. మజ్జిగ తెల్లగా ఉంటుంది కాబట్టి గులాబీ రంగు తొందరగా కనబడదు. పక్కన ఇంకో గ్లాసులో మజ్జిగ పెట్టుకుని పోల్చుకోవాలి.

అలా కొలిస్తే కోలాకు 1 మి.లీ. చిల్లర క్షారం సరిపోతుంది. ఒక వంతు పెరుగుకు రెండు వంతుల నీళ్ళు పోసిన మజ్జిగకు 3 మి.లీ. దాకా పడుతుంది. నిమ్మనీళ్ళకూ మూడు నాలుగు మి.లీ. కావాలి. కమలారసం 10 మి.లీ. దాటిస్తుంది! కాగితం పెట్టిన వరస ఇక్కడ తలకిందులవుతుంది.

అయితే మజ్జిగ పళ్ళకు కోలా కన్నా చెడ్డదా? కాదు. పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే పంటి ఎనామిల్ (పైనున్న గట్టి పొర) నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. మజ్జిగలో ఆ రెండూ ముందే దండిగా ఉన్నాయి కాబట్టి పంటి నుంచి లాక్కునే అవసరం దానికి ఉండదు. కోలాకూ నిమ్మనీళ్ళకూ ఆ రక్షణ లేదు. 'నిమ్మకాయ సహజమైంది, ఏం కాదు' అనే మాట పంటి విషయంలో నిలవదు. నిమ్మనీళ్ళు మానమని కాదు, పుక్కిలించకుండా ఒకేసారి తాగి, మంచినీళ్ళతో నోరు కడుక్కోమని. వెంటనే బ్రష్ చేయకూడదు, మెత్తబడిన ఎనామిల్ అరుగుతుంది. అరగంట ఆగాలి. ఒక సీసాను గంటసేపు గుక్కగుక్కగా తాగితే లాలాజలానికి ఆ ఆమ్లాన్ని విరిచేసే వ్యవధే ఉండదు. పిల్లల విషయంలో ఎంత తాగారన్నదాని కన్నా ఎంతసేపు తాగారన్నదే ఎక్కువ చూడాలి.

మరొక గందరగోళం మాటలోనే ఉంది. కడుపులో మంటను మనం 'ఎసిడిటీ' అంటాం. పాలు కలిపిన టీ, కాఫీల పీహెచ్ 6కు దగ్గరగానే ఉంటుంది, అయినా కొందరికి మంట వస్తుంది. అది కప్పులోని ఆమ్లం వల్ల కాదు, కడుపులో ఊరే ఆమ్లం వల్ల. రెండింటినీ ఒకే మాటతో కలిపేయడం వల్లే 'ఆల్కలైన్' నీళ్ళ ప్రకటనలు నమ్మదగ్గవిగా కనిపిస్తున్నాయి. ఆ నీళ్ళలో క్షారం ఎంత తక్కువంటే, నాలుగు చుక్కల నిమ్మరసానికే పులుపు తిరుగుతాయి.

ఇప్పుడు కూల్‌డ్రింకు సీసా మీద చదివితే దొరికేది 'అసిడిటీ రెగ్యులేటర్ 338' లేక '330' అన్న అంకె మాత్రమే. మొదటిది ఫాస్ఫారిక్ ఆమ్లం, రెండోది సిట్రిక్ ఆమ్లం. ఎంతుందో ఉండదు. చక్కెర ఎంతో రాస్తున్నప్పుడు, దాని పక్కనే పీహెచ్, 100 మి.లీ.లో ఆమ్లం ఎన్ని మిల్లీగ్రాములో కూడా రాయించాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థను కోరుతున్నాను. పదో తరగతి 'ఆమ్లాలు, క్షారాలు' పాఠానికి లిట్మస్‌తో పాటు ఈ బ్యూరెట్ ప్రయోగాన్నీ కలపాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలకు నా మనవి. ఒక తరగతికి ఒక బ్యూరెట్, అర లీటరు ద్రావణం ఉంటే ఒక పీరియడ్‌లో నాలుగు పానీయాలు కొలవొచ్చు. కోలాను ముందురోజే మరగబెట్టి ఉంచుకోవాలి.

భవదీయుడు,
ఒక రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, గుంటూరు