తలుపు చప్పుడు దగ్గరే తెర దించు

ఒరేయ్ చంటీ,

నీ కవరు మంగళవారం అందింది. స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటి రెండు అంకాలు చక్కగా కుదిరాయిరా. నోరా మొగుడికి తెలియకుండా తినే తీపి బిళ్ళల బదులు కొంగుచాటున జీడిపప్పు పాకం ముక్క పెట్టావు చూడు, అది చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. నార్వే రచయిత ఇబ్సెన్ రాసిన 'ఎ డాల్స్ హౌస్' నాటకాన్ని మన ఇంటి గడపలోకి ఇంత సులువుగా తెస్తావని అనుకోలేదు.

నా బాధంతా చివరి పేజీన్నర గురించే. నోరా మొగుణ్ణీ పిల్లల్నీ వదిలి తలుపు మూసి వెళ్ళిపోయిన చోట ఇబ్సెన్ ఆగాడు, నువ్వు ఆగలేదు. ఆమె వెళ్ళిపోయిన ఆర్నెల్లకి భర్త వెతుక్కుంటూ వెళ్ళడం, క్షమించమనడం, పిల్లల చేతులు పట్టుకుని ఇద్దరూ ఇంటికి రావడం రాశావు. కింద పెన్సిల్‌తో "ఇది లేకపోతే అసంపూర్తిగా వదిలేశారంటారు, జనం ఊరుకోరు" అని ఒక ముక్క. ఆ ముక్క కోసమే ఈ ఉత్తరం. పొడుగైనా చివరిదాకా చదువు.

మూడో అంకం ఒకసారి మళ్ళీ తిరగెయ్యి. అందులో తేలకుండా మిగిలింది ఏముంది? భర్త ప్రాణం నిలబెట్టడానికి నోరా తండ్రి సంతకం తనే పెట్టి అప్పు తెచ్చింది. ఆ కాగితం అడ్డం పెట్టుకుని అప్పిచ్చిన క్రోగ్‌స్టాడ్ బెదిరించాడు. అతని ఉత్తరం చదివి మొగుడు హెల్మర్ నోరాని నానా మాటలూ అన్నాడు, పిల్లల్ని పెంచడానికి కూడా పనికిరావన్నాడు. ఇంతలో క్రోగ్‌స్టాడ్ దగ్గర్నుంచే రెండో ఉత్తరం, దాంతోపాటే ఆ కాగితం వచ్చాయి. హెల్మర్ అన్నీ పొయ్యిలో పడేశాడు. అప్పు గొడవ పోయింది, పరువు దక్కింది, ఉద్యోగం నిలిచింది. క్రోగ్‌స్టాడ్‌కి కూడా ఎప్పుడో దూరమైన మనిషి మళ్ళీ దొరికింది. కథ అయిపోయింది కదరా! హెల్మర్ "నేను బయటపడ్డాను" అని సంబరపడే చోట తెర దించేస్తే అందరూ హాయిగా చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోయేవాళ్ళు. అక్కడ ఇబ్సెన్ నోరా చేత "మరి నేను?" అనిపించాడు. మిగతా నాటకమంతా ఆ రెండు మాటల మీదే నడిచింది. ముగింపు చేతికందాక కూడా దాన్ని దాటి ముందుకు పోయిన రచయితని పట్టుకుని, ముగించలేదని ఎలా అంటాం?

మొన్న అక్కకి ఈ కథ చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విని, "అయితే ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందిరా?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! దానికి నాటకంలో జవాబుంది. ఆ రాత్రి స్నేహితురాలి ఇంట్లో, మర్నాడు పుట్టిన ఊరికి ప్రయాణం. ఉంగరం వెనక్కిచ్చేసింది, భర్త ఉంగరం అడిగి తీసేసుకుంది, తాళాలు అప్పజెప్పింది, సామాన్లు ఎవరు సర్దుతారో కూడా చెప్పింది. తేలాల్సిన చిన్న విషయాలన్నీ ఆయన తేల్చేశాడు. ఒక్కటే వదిలాడు. ఈ ఇద్దరూ నిజమైన భార్యాభర్తలు కాగలిగేంతగా మారతారా లేదా అన్నది. అలా మారితే అది అన్నిటికంటే గొప్ప అద్భుతం అంటుంది నోరా. హెల్మర్ ఒంటరిగా ఆ మాటే తనలో తాను అనుకుంటుండగా కింద వీధి తలుపు మూసుకున్న చప్పుడు. ఆశా ఉంది, చప్పుడూ ఉంది. ఏది బరువో తూచమని త్రాసు మన చేతికిచ్చి ఆయన తప్పుకున్నాడు.

ఇంకో సంగతి చెప్తాను, ఇది నన్ను చాలా రోజులు వదల్లేదు. నోరా వెనక లారా కీలర్ అనే నిజమైన మనిషి ఉంది, ఇబ్సెన్‌కి బాగా పరిచయస్తురాలు. క్షయ జబ్బుతో ఉన్న భర్త వైద్యం కోసం అతనికి తెలియకుండా అప్పు చేసింది, అది తీర్చలేక ఫోర్జరీ దాకా వెళ్ళింది. తెలిశాక భర్త ఆమెని నేరస్తురాలిలా చూశాడు, మనసు చెదిరి పిచ్చాసుపత్రిలో చేరాల్సి వచ్చింది. ఆ తర్వాత పిల్లల కోసం తిరిగి ఆ ఇంటికే వచ్చింది. లారాకి లోకం ఇచ్చిన ముగింపు అది. దాన్ని నోరాకి అంటగట్టలేదు ఇబ్సెన్. అలాగని ఉద్యోగం సంపాదించింది, సుఖంగా బతికింది అని లేని తియ్యటి కబురూ చెప్పలేదు. ఆ రోజుల్లో నార్వేలో పెళ్ళయిన ఆడమనిషికి భర్త ఒప్పుకోకుండా అప్పు చేసే హక్కు కూడా లేదు. ఆ చట్టం మారింది 1888లో, నాటకం అచ్చయిన తొమ్మిదేళ్ళకి. లోకమే ఇంకా తేల్చని సంగతిని రంగం మీద తేల్చినట్టు చూపిస్తే అది అబద్ధం అవుతుందిరా. అడగడమే తన పని, జవాబివ్వడం కాదని 1875లోనే ఆయన ఒక పద్యంలో రాసుకున్నాడు.

నువ్వు రాసిన పేజీన్నర కొత్తదేం కాదు కూడా. 1880లో జర్మనీలో సరిగ్గా ఇదే జరిగింది. హెడ్విగ్ నీమన్ రాబె అని పేరున్న నటి, నేనైతే నా పిల్లల్ని వదిలి వెళ్ళను, ఆ ముగింపు ఆడనని పట్టుబట్టింది. అక్కడ ఆయన రచనకి హక్కుల రక్షణ లేదు, ఎవరైనా మార్చుకోవచ్చు. ఇంకెవరో పాడు చేసేకన్నా నేనే చేస్తానని ఇబ్సెన్ ఇంకో ముగింపు రాసిచ్చాడు. హెల్మర్ ఆమెని పిల్లలు పడుకున్న గది గుమ్మం దాకా లాక్కెళ్తాడు, నోరా అక్కడే కూలిపోతుంది, తెర. తను రాసిన ఆ నాలుగు వాక్యాలనీ నాటకం మీద జరిగిన అనాగరికమైన దౌర్జన్యం అన్నాడాయన. ఆ నటి కూడా తర్వాత అసలు ముగింపుకే వచ్చేసింది. నీకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

ఆగిన ఆ తలుపు దగ్గర్నుంచి ఎంతమంది నడిచారో చూడు. 1923లో చైనా రచయిత లూ షున్, నోరా ఇల్లు వదిలాక ఏమవుతుందన్న అంశం మీదే బీజింగ్‌లో ఆడపిల్లల కాలేజీలో ఉపన్యాసం ఇచ్చాడు. చేతిలో డబ్బు లేకపోతే దిగజారడమో, తిరిగి రావడమో తప్ప దారి లేదన్నాడు. 2017లో అమెరికాలో లూకస్ నేథ్ అదే తలుపు మీద తట్టిన చప్పుడుతో ఇంకో నాటకం మొదలుపెట్టాడు. నీ పేజీన్నర ఉండి ఉంటే వీళ్ళకి అడగడానికి ఏం మిగిలేది?

మన జనం గురించి నువ్వు భయపడుతున్నావు. భరతవాక్యాలకీ, మంగళహారతులకీ, శుభం కార్డుకీ అలవాటు పడ్డామన్నది నిజమే. కానీ 'కన్యాశుల్కం' చూసి వచ్చేది కూడా ఈ జనమే కదరా. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అని గిరీశం అంటాడు, తెర పడుతుంది. గిరీశం బాగుపడ్డాడా, మధురవాణి ఏమైంది అని మనం నూరేళ్ళకు పైగా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

అయితే ముగింపు లేని నాటకాలన్నిటినీ నేను వెనకేసుకు రావడం లేదు. దారి తోచక లైట్లు ఆర్పేసేవీ ఉన్నాయి. వాటిని పట్టుకోవడం కష్టం కాదు. అప్పు సంగతీ తేలదు, ఉత్తరం సంగతీ తేలదు, చివరికి మనిషి సంగతి తేలకపోయినా మనకి పట్టదు.

కాబట్టి ఆ పేజీన్నర తీసెయ్యి. దాని బదులు నీ టెన్షనంతా ఆ చప్పుడు మీద పెట్టు. స్పీకర్లో రికార్డింగు వద్దు. పక్క తెర వెనక చట్రంతో సహా నిజం తలుపు నిలబెట్టాలి, గడియ పడిన శబ్దం ఆఖరి వరస దాకా వినపడాలి. మా పాత ఇల్లు పడగొట్టినప్పటి టేకు వీధి తలుపు గొడ్ల చావిట్లో పడి ఉంది. వచ్చే ఆదివారం ధాన్యం బండి మీ ఊరి మీదుగానే వెళ్తుంది, అందులో వేసి పంపిస్తాను. మడత బందులు తుప్పు పట్టాయి, నూనె పెట్టించు. కిర్రుమందంటే పని చెడుతుంది.

నీ,
నేనే