చిత్తూరు పాత పెట్రోల్ బండ్ల యజమానులు, మెకానిక్కుల సంఘం: 2025-26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనిలో పెద్ద భాగం ఒక్క సమస్యకే పోయింది. ధనుర్మాసం తెల్లవారుజామున బండి స్టార్ట్ కాదు, స్టార్టయినా మిస్సింగ్ కొడుతూ చాలాసేపు దారికి రాదు. అందుకే ఈ నివేదిక కూడా దాని చుట్టూనే ఉంటుంది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. కార్యవర్గం ఎన్నిక ఏకగ్రీవం, అందులో చెప్పుకునే ముచ్చటేం లేదు.

చిత్తూరులో చలేంటని నవ్వేవాళ్లున్నారు. టౌన్లో అయితే నిజమే. మొగిలి ఘాటెక్కి పలమనేరు పోయి చూడమనండి, దాన్ని పేదల ఊటీ అని ఊరికే అనలేదు. బోరు మోటార్లు ఎత్తి దించే మనవాళ్ల ఫార్గో అనే పాత పెట్రోల్ లారీలు, జీపులు అక్కడ తెల్లారకముందే కదలాలి. కరెంటు వేళ చూసుకుని పిలిచే రైతు మన ఇంజన్ వేడెక్కేదాకా ఆగడు.

ఫిర్యాదు వచ్చిన బండ్లను షెడ్డులో విప్పి చూస్తే చలి తప్పు తక్కువే. ఎండాకాలానికి భయపడి చేసిన పనులే ఎక్కువ కనిపించాయి. అందులో మొదటిది థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనీకుండా ఆపే వాల్వు. రేడియేటర్ ఒకసారి మరిగిందంటే దాన్ని పీకి పారేయడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. పాత పెట్రోల్ జీపుల్లోని హరికేన్ ఇంజనుకు ఇన్‌లెట్ మానిఫోల్డు (గాలి, పెట్రోలు సిలిండర్లలోకి పోయే గొట్టం) విడిగా ఉండదు, హెడ్డులోనే పోతపోసి ఉంటుంది. దానికి వేడి అందేది చుట్టూ తిరిగే నీళ్ల నుంచే. థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు త్వరగా వేడెక్కవు. పెట్రోలు ఆవిరి కాకుండా తుంపరగానే లోపలికి పోతుంది. బండి ఆగిపోతుందని డ్రైవరు చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పెంచే మీట) లాగే ఉంచుతాడు. ఆ అదనపు పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిలును కడిగేసి ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే సంపులో చేరుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఆయిల్ మూత కింద తెల్లగా మీగడ కట్టిందని హెడ్ గాస్కెట్ విప్పే ముందు, థర్మోస్టాట్ అసలు ఉందో లేదో చూడండి; ఇంజన్ వేడెక్కక తేమ ఆరకపోయినా అది కడుతుంది.

కార్తీకమాసం సమావేశంలో గిన్నెడు నీళ్లు పొయ్యి మీద పెట్టి, పాత థర్మోస్టాట్లను దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటరు ఉంచాం. 82 అని గుద్ది ఉన్నది ఆ దరిదాపుల్లోనే మెల్లగా నోరు తెరిచింది. పక్కది నీళ్లు తెర్లుతున్నా కదల్లేదు. అలాంటిది బండిలో ఉంటే ఇంజన్ మరగక ఏం చేస్తుంది? పీకేసేవాళ్ల కోపం మనకూ అర్థమైంది. అయితే చెడ్డదాన్ని మార్చాలి గానీ చోటు ఖాళీగా వదలకూడదు. (ఆ గిన్నెలో తర్వాత టీ కాచలేదు, అనుమానం వద్దు.)

ఫార్గోల సంగతి వేరు. వాటి ఎగ్జాస్ట్ మానిఫోల్డులో స్ప్రింగుతో తిరిగే చిన్న తలుపు ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పొగ వేడిని, పెట్రోలు గాలి కలిపే కార్బొరేటర్ అడుగుకు మళ్లించడం దాని పని. ఒక సభ్యుడి లారీ ముసురులో ఘాటెక్కుతూ ఆగిపోయింది. ఫిల్టర్ విప్పితే శుభ్రంగా ఉంది, పెట్రోలు వస్తోంది. కాసేపాగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. మళ్లీ కొంతదూరంలో అదే తంతు. మూడోసారి ఆగినప్పుడు బానెట్ ఎత్తి కార్బొరేటర్ అడుగున చెయ్యి పెడితే జిల్లుమంది, బయట మంచు పొరలా పట్టి ఉంది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ వేడిని లాగేస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే బయట 10, 15 డిగ్రీలున్నా లోపల థ్రాటిల్ దగ్గర మంచు కట్టగలదు. ఆగిన బండిలో ఇంజన్ వేడికి అది కరిగిపోతుంది, అందుకే దొంగ దొరకడు. ఆ లారీలో మానిఫోల్డు తలుపును వేడి మళ్లకుండా ఎవరో ఎప్పుడో తీగతో కట్టేశారు. తీగ విప్పి, తుప్పు వదిలించి, స్ప్రింగు సరిచేశాక రోగం కుదిరింది.

ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు దీనికి తోడయింది. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలుకన్నా చాలా ఎక్కువ వేడి కావాలి. పైగా పెట్రోలుకు బరువులో 14.7 వంతుల గాలి పడితే, ఇథనాలుకు 9 వంతులు చాలు. పాత జెట్టుతో (కార్బొరేటర్లో పెట్రోలును కొలిచి వదిలే చిల్లు) మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలదు, చలిలో అది ఇంకా తెలుస్తుంది. జెట్టు కొంచెం పెద్దది వేసి, ప్లగ్గు రంగు చూసి నిర్ణయించండి. పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపు డయాఫ్రం (లోపలి పొర) కూడా ఇథనాలుకు తట్టుకునే రకానికి మార్చుకోవాలి.

చిన్న పనులు వర్క్‌షాపు రోజున అందరికీ చూపించాం. డ్యాష్‌బోర్డులో చోక్ నాబ్ పూర్తిగా లాగినా, కేబుల్ క్లాంపు జారితే కార్బొరేటర్ రెక్క సగమే మూస్తుంది. ఎయిర్ క్లీనర్ తీసి కళ్లతో చూడాల్సిందే. బ్యాటరీ ఎర్త్ పట్టీ గీకండి. ఒంటి గ్రేడ్ 40 ఆయిల్ మానేసి చలిలో అంత చిక్కబడని 20డబ్ల్యూ40 పోయండి. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టకండి. రేడియేటర్ ముందు గోనెపట్ట కట్టేవాళ్లు ఘాటు మొదలయ్యేలోపే విప్పేయాలి, థర్మోస్టాట్ ఉంటే అదీ అక్కర్లేదు.

వచ్చే ఏడాది సంఘం తరఫున థర్మోస్టాట్లు, డయాఫ్రంలు టోకున తెప్పించాలని తీర్మానించాం. ఏ ఇంజనుకు ఏ సైజు కావాలో రాసి కార్యదర్శికి ఇవ్వండి. చందా బాకీ ఉన్నవాళ్ల పేర్లు ముందు ఎక్కించం.

ఇట్లు,
కార్యదర్శి