ఎర్ర గుడ్డ అట్టల పుస్తకాలు పారేయకు నాన్నా

నాన్నా,

ఎలాగున్నావు, మోకాలు ఎలాగుంది? అటక మీది పాత సామానంతా దించి పాత పేపర్లోడికి వేసేస్తున్నావని అమ్మ చెప్పింది, మిగతావి ఏటి చేసినా సరే గానీ కొట్టు ఖాతా పుస్తకాలు మాత్రం ఇవ్వకు, నీ మనవరాలికి కావాలి. ఫోన్లో చెప్తే నీకు సగం వినపడదు కాబట్టి రాస్తున్నాను, అమ్మ చేత చదివించుకో.

సంగతేటంటే అది ఈ ఏడు ఏపీ మాక్రో తీసుకుంది, మాక్రో అంటే దేశం మొత్తం ధరలు, ఉద్యోగాలు, ఆదాయాల లెక్కలు చెప్పే ఎకనామిక్స్. ఏపీ అంటే మన పర్లాకిమిడి దాటితే పాతపట్నంలో మొదలయ్యే ఏపీ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఇక్కడ అమెరికాలో హైస్కూల్లో ఉండగానే కాలేజీ ఎకనామిక్స్ చదివేసి మే నెలలో పరీక్ష రాస్తారు, 1 నుంచి 5 దాకా స్కోరు, 3 వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి, అంటే ఆ సబ్జెక్టు కాలేజీలో చదివేసినట్టే లెక్క, కొన్నయితే 4, 5 అడుగుతాయి. నాకు కాలేజీ ఫీజు కొంచెం తగ్గుతుందేమోనని ఆశ, దానికి నిజంగానే ఇష్టం.

మొన్న భోజనాల దగ్గర ఇన్‌ఫ్లేషన్ పాఠం చెప్పింది. అనుకోకుండా ధరలు పెరిగిపోతే అప్పు తీసుకున్నోడికి లాభం, ఇచ్చినోడికి నష్టమట, వడ్డీలోంచి ధరల పెరుగుదల తీసేస్తే మిగిలేదే నిజమైన వడ్డీ అట. నేనూరుకోక మా నాన్న వడ్డీ లేకుండానే అరువిచ్చేవాడు, 1974లో కూడా ఇచ్చాడు అనేశాను. అంతే, కంచం పక్కకి తోసి పెన్సిల్ తీసింది. ఆ ఏడు మన దేశంలో ధరలు 20 శాతం పైనే పెరిగాయి కదా, అరబ్బు దేశాలు చమురు బిగించేశాయి, మన దగ్గర పంటల్లేవు. 20 అనే వేసుకున్నా, వంద రూపాయల సరుకు అరువిచ్చి ఏడాది పోయాక అదే వంద తీసుకుంటే దానికి 83 రూపాయల సరుకే వస్తాది. "తాతయ్య వడ్డీ మైనస్ ఇరవై" అని నవ్వింది. నాకు కొంచెం పౌరుషం వచ్చింది నాన్నా, అబద్ధం ఎందుకు.

నేను చూసిన రోజుల్లో సవరోళ్లు కొండ దిగి చింతపండు తెచ్చి బాకీ తీర్చేవారు కదా, నువ్వు చెవి మీంచి పెన్ను తీసి ఆ పద్దు అడ్డంగా కొట్టేసేవాడివి. అది చెప్తే నవ్వడం ఆపేసి, బాకీ రాసింది రూపాయల్లోనా, చింతపండు కేజీల్లోనా అనడిగింది. కేజీల్లో అయితే చింతపండు ధర కూడా పెరుగుతాది కాబట్టి తాతయ్యకి అంత నష్టం లేదట. నాకు గుర్తు లేదు, నువ్వే చెప్పాలి.

74, 75 పుస్తకాల్లో బియ్యం, కందిపప్పు, నూనె, కిరసనాయిలు రేట్లున్న పేజీలు కూడా కావాలి, 74ని వంద అనుకుని మనింటి ధరల సూచీ తనే కడుతుందట. పక్కింటి కుర్రాణ్ణి పిలిచి పగటి వెలుతురులో ఫోటోలు తీయించు. దుమ్ము నువ్వు దులపకు, నీకు దగ్గొస్తాది.

నీ కొడుకు